ఆలూరులో ఒక పొదుగు పెట్టె

హైదరాబాద్ నుంచి బీజాపూర్ వెళ్లే జాతీయ రహదారిలో మొయినాబాద్, చేవెళ్ల దాటి, మర్రిమానుల నీడన మన్నెగూడ వైపు సాగితే ఆలూరు స్టేజీ వస్తుంది. రంగారెడ్డి జిల్లా చేవెళ్ల మండలానికి చెందిన ఈ గ్రామంలో కూరగాయల సాగు ప్రధానమైనది కాగా, పెరటి కోళ్లు ఆ సాగుకు తోడుగా నిలిచే చిన్న ఆదాయం. ఊళ్లోని ఒక రైతు ఇంటి లోపలి గదిలో, ఎండా గాలీ నేరుగా తగలని మూలన, బల్ల మీద ఉన్న థర్మాకోల్ పెట్టెను పరిశీలించడం ఈ పర్యటన ఉద్దేశం. పెట్టెలో వేడినిచ్చే రెండు బల్బులు, ఆ వేడిని సమంగా పంచే చిన్న ఫ్యాను, నిర్ణీత ఉష్ణోగ్రత రాగానే బల్బులను ఆర్పి తగ్గగానే వెలిగించే థర్మోస్టాట్, అడుగున ఒక నీళ్ల గిన్నె, మూతలో లోపలికి చూడటానికి అమర్చిన గాజు పలక ఉన్నాయి. గుడ్లను కోడి లేకుండా పొదిగించే ఇటువంటి సాధనాన్ని ఇంక్యుబేటర్ అంటారు.

కోళ్లున్న ఇంట్లో ఈ పెట్టె అవసరం ఎందుకు కలిగిందన్న ప్రశ్నకు సమాధానం కోడి జాతుల మార్పులో ఉంది. నాటుకోడి కొన్ని గుడ్లు పెట్టగానే పొదుగుకు వస్తుంది. అప్పుడు దాని మెదడు కింద ఉండే పీయూష గ్రంథి నుంచి ప్రొలాక్టిన్ అనే హార్మోన్ ఎక్కువగా విడుదలై, అండాశయం కుంచించుకుపోయి, గుడ్లు పెట్టడం ఆగిపోతుంది. ఇరవై ఒక్క రోజుల పొదుగు, ఆ తరువాత పిల్లలను వెంట తిప్పుకునే కొన్ని వారాలు కలిపితే, ఏడాదిలో ఎక్కువ కాలం ఆ పెట్ట గుడ్డు పెట్టదు. గుడ్ల సంఖ్య పెంచాలనుకున్న ప్రజనన శాస్త్రవేత్తలు పొదుగు గుణం తక్కువగా ఉన్న కోళ్లనే తరతరాలుగా ఎంపిక చేస్తూ వచ్చారు. ఆలూరుకు ఎంతో దూరంలో లేని రాజేంద్రనగర్‌లో, భారత వ్యవసాయ పరిశోధన మండలి 1988లో నెలకొల్పిన సంస్థ నేడు కోళ్ల పరిశోధన డైరెక్టరేట్‌గా పనిచేస్తోంది. పెరటి పెంపకం కోసం అక్కడ రూపొందిన వనరాజ, గ్రామప్రియ, శ్రీనిధి రకాలు నాటుకోడి కంటే చాలా ఎక్కువ గుడ్లు పెడతాయి గాని, సాధారణంగా పొదగవు. వాటి గుడ్లను నాటుకోడి కింద పెట్టాలి, లేదా యంత్రంలో పెట్టాలి. నాటుపెట్టల సంఖ్య తగ్గుతున్న కొద్దీ మొదటి మార్గం ఇరుకవుతుంది. ఇక్కడే గమనించవలసిన మరో సంగతి ఏమిటంటే, ఈ రకాలు వేర్వేరు వంశాలను కలిపి తీసిన సంకరాలు కాబట్టి, వాటి గుడ్ల నుంచి ఇంట్లో పుట్టిన పిల్లలు తల్లి అంత దిగుబడి ఇస్తాయని ఆశించరాదు. దుకాణాల్లో దొరికే ఫారం గుడ్లయితే పుంజు లేని షెడ్లలో పెట్టినవి గనుక వాటిలో జీవమే ఉండదు.

ఫ్యాను ఉన్న పెట్టెలో గుడ్ల మట్టంలో 37.5 డిగ్రీల సెల్సియస్‌కు కొంచెం అటూ ఇటూగా వేడి నిలకడగా ఉండాలి. థర్మామీటరు పుట్టని కాలంలోనే ఈజిప్టువాసులు మట్టి కొలుముల్లో వేలాది గుడ్లను పొదిగించేవారు. గుడ్డును కనురెప్పకు ఆనించి వేడి సరిపోయిందో లేదో పసిగట్టిన ఆ పనివారి నైపుణ్యాన్ని గ్రంథస్థం చేసిన ఐరోపా పండితుల్లో ఫ్రెంచి శాస్త్రవేత్త రియామూర్ ముఖ్యుడు. ఆయన కృత్రిమ పొదుగు మీద రాసిన గ్రంథం 1749లో వెలువడింది. వేడి సంగతి నేడు థర్మోస్టాట్ చూసుకుంటుంది గాని, పెట్ట చేసే మిగతా పనులను ఆలూరులోని ఆ రైతు ఇంటి ఇల్లాలు చేయవలసి వస్తోంది. పెట్ట ముక్కుతో గుడ్లను మాటిమాటికీ దొర్లిస్తూ, అంచున ఉన్నవాటిని నడుమకు తెచ్చుకుంటుంది. అలా దొర్లకపోతే పైకి తేలే పచ్చసొనతో పాటు పిండం పెంకు లోపొరకు అంటుకుని చచ్చిపోతుంది. అందుకని ప్రతి గుడ్డుకూ పెన్సిలుతో ఒక పక్క గీత, రెండో పక్క సున్నా గుర్తు పెట్టి, రోజుకు మూడు లేదా అయిదు సార్లు తిప్పుతారు. బేసి సంఖ్యలో తిప్పడం వల్ల, రాత్రంతా పైన ఉండే పక్క ప్రతి రోజూ మారుతుంది.

గాలిలో తేమ కూడా అంతే ముఖ్యం. పెంకుకు ఉన్న వేలాది సూక్ష్మ రంధ్రాల గుండా గుడ్డులోని నీరు మెల్లగా ఆవిరవుతూ, మొద్దు కొనవైపు గాలి అర పెద్దదవుతుంది. పిల్ల మొదటి ఊపిరి ఆ అరలోనే తీసుకుంటుంది. పద్దెనిమిదో రోజుకు గుడ్డు బరువు దాదాపు 12 శాతం తగ్గాలి, అంటే 50 గ్రాముల గుడ్డు 44 గ్రాములకు రావాలి. తేమ ఎక్కువైతే గాలి అర చిన్నదిగా మిగిలి పిల్లకు ఊపిరి అందదు, తక్కువైతే లోపొర ఎండి పిల్లను కదలనివ్వదు. గిన్నెలో నీరు ఎంత పోయాలన్నది ఊహకు వదలకుండా, కూరగాయలు తూచే చిన్న ఎలక్ట్రానిక్ కాటా మీద గుడ్లను తూచి నిర్ణయించడం ఈ ఇంట్లో కనిపించిన మెచ్చదగిన పద్ధతి. ఏడో రాత్రి చీకటి గదిలో గుడ్డు కింద టార్చి వెలిగిస్తే, జీవం పట్టిన గుడ్డులో నల్లని చుక్క చుట్టూ ఎర్రని నరాలు అల్లుకుని కనిపిస్తాయి. జీవం పట్టని గుడ్డు తేటగా ఉంటుంది. దానిని, మురిగిన వాసన వచ్చే గుడ్లనూ వెంటనే తీసివేయాలి, ఎందుకంటే మురిగిన గుడ్డు పెట్టెలో పగిలితే మిగిలినవన్నీ చెడిపోయే ప్రమాదం ఉంది.

ఈ ప్రాంతంలో అసలు చిక్కు ఎండాకాలం తెస్తుంది. గుడ్డు పెట్టే సమయానికే లోపల ఫలదీకరణ జరిగి దాదాపు ఒక రోజు గడిచి ఉంటుంది, ఆ తరువాత గుడ్డు చల్లబడి పిండం ఎదుగుదల నిలిచిపోతుంది. ఆ నిలుపుదలకు పరిసరాల ఉష్ణోగ్రత సుమారు 21 డిగ్రీల లోపు ఉండాలి; ఏప్రిల్, మే నెలల్లో అటువంటి చోటు పల్లె ఇంట్లో అరుదు కనుక, అరలో కూడబెట్టిన గుడ్లలో పిండం కొద్దికొద్దిగా ఎదిగి, పొదుగుకు పెట్టకముందే బలహీనపడి చచ్చిపోతుంది. పొదిగిన తరువాత పిల్లలు రాలేదని యంత్రాన్ని నిందించే సందర్భాల్లో కొన్ని నిజానికి ఈ ముందు దశలోనే పాడైనవి. తడి ఇసుకలో కుదుర్చిన మట్టి కుండలో గుడ్లు దాచే పాత అలవాటు ఈ కారణంగానే శాస్త్రీయమైనది, దానిని వదులుకోరాదు. ఎలా దాచినా వారం లోపు పొదుగుకు పెట్టడం మంచిది.

రెండో ప్రమాదం ఇంతకంటే తక్కువగా తెలిసినది. థర్మోస్టాట్ బల్బులను ఆర్పగలదే గాని పెట్టెను చల్లబరచలేదు. రేకుల గదిలో మధ్యాహ్నపు వేడి 40 డిగ్రీలు దాటితే, బల్బులు ఆరిపోయి ఉన్నా గుడ్లు ఉడుకుతూనే ఉంటాయి. పిండానికి చలి కంటే వేడి ఎక్కువ హాని చేస్తుంది. కరెంటు పోయి పెట్టె కొన్ని గంటలు చల్లబడినా, మూత తీయకుండా దుప్పటి కప్పి ఉంచితే చాలా పిండాలు తట్టుకుంటాయి, మహా అయితే పిల్లలు కొంత ఆలస్యంగా వస్తాయి. రెండు మూడు డిగ్రీల అదనపు వేడికి మాత్రం కొన్ని గంటల్లోనే ప్రాణం పోతుంది. ఇంక్యుబేటర్ అమ్మేవారు పెట్టెతో పాటు ఈ హెచ్చరికను కూడా చెప్పి తీరాలి.

పద్దెనిమిదో రోజున గుడ్లు తిప్పడం ఆపి, తేమ పెంచి, మూత తెరవకుండా వదిలేస్తారు. ముక్కు చివర ఉండే చిన్న గట్టి కొమ్ముతో పిల్ల పెంకును ఛేదించడానికి కొన్నిటికి ఒక పగలు, కొన్నిటికి ఒక పగలూ రాత్రీ పడుతుంది. ఈ వ్యవధిలో అది మిగిలిన రక్తాన్ని, పచ్చసొనను లోపలికి పీల్చుకుంటూ ఉంటుంది గనుక, జాలిపడి పెంకు ఒలిచి సాయం చేస్తే నెత్తురు కారి చచ్చే అవకాశం ఎక్కువ. ఆ పచ్చసొన బలంతోనే పిల్ల రెండు రోజుల వరకు మేత లేకుండా ఉండగలదు. పుట్టిన మొదటి వారం దానికి 35 డిగ్రీల వెచ్చదనం కావాలి, తరువాత వారానికి సుమారు మూడు డిగ్రీల చొప్పున తగ్గించవచ్చు.

అయిదు నుంచి ఏడో రోజు మధ్య వేయవలసిన కొక్కెర తెగులు టీకా, అంటే రాణికేట్ వ్యాధిని నివారించే లసోటా చుక్కల మందు, పడకపోవడం ఇంటి పొదుగుకు మిగిలిన పెద్ద లోటు. ఆ మందు వందల డోసుల సీసాల్లో వస్తుంది, కలిపిన తరువాత కొద్ది గంటల్లోనే వాడెయ్యాలి. ఇరవై ముప్పై పిల్లలున్న ఇంటికి సీసా కొనడం దండుగ అనిపించి టీకా మానేస్తారు, ఆ తెగులు వచ్చినప్పుడు ఊరి కోళ్లన్నీ పోతాయి. నాలుగైదు ఇళ్లవారు ఒకే వారంలో గుడ్లు పొదుగుకు పెట్టుకుంటే పిల్లలు ఒకేసారి పుట్టి, ఒక్క సీసా అందరికీ సరిపోతుంది. పశువైద్యశాల సిబ్బంది ఆ వారాన్ని ముందే నిర్ణయించి ఊళ్లో చెప్పించడం పెద్ద ఖర్చు లేని పని.