జంట డిస్కుల వైద్యం

మా దలా తెలుగు కుటుంబాల పేర్లు, తాతల నాటి ఊళ్ళు, పాత ఫొటోలు అన్నీ ఒక కంప్యూటరులో ఎక్కించి మూడేళ్ళయింది. అందులో రెండు హార్డు డిస్కులు. ఒకదాని మీద ఏది రాస్తే రెండోదాని మీదా అదే పడుతుంది. దీన్ని రెయిడ్ వన్ అంటారట. వాడుకలో మిర్రర్, అంటే అద్దం. ఒకటి పోయినా రెండోది పని నడుపుతుందని ధైర్యం.

ఆ పేర్ల పట్టీ ఏపాటి సరుకని అడిగేవారుంటారు. ఉత్తరాంధ్రలో ‘రంగం పోయాడు’ అంటే రంగూన్ పోయాడనే గదా. కాకినాడ దగ్గరి కోరంగి రేవును బట్టి ఇక్కడ మనవాళ్ళకి కొరంగీలని పేరు పడింది. దలాలో ఇరావతీ ఫ్లోటిల్లా కంపెనీ వారి పడవల కార్ఖానా ఉండేది. ఏటికి ఆవలి ఒడ్డున రంగూన్ రేవులో మూటలు మోసినవాళ్ళలో తెలుగువాళ్ళే జాస్తి. 1930 మే నెలలో సమ్మె కట్టిందీ, ఆ వెంటనే జరిగిన అల్లర్లలో చావుదెబ్బలు తిన్నదీ వాళ్ళే. 1942లో జపాను సేనలు వచ్చినప్పుడు లక్షలాది భారతీయులు బర్మా విడిచారు, చాలామంది కాలినడకన. అలాంటప్పుడు కాగితాలెవరి దగ్గర మిగులుతాయి? ఊరి పేరు ముసలివాళ్ళ నోట మిగిలింది. మాకు చెప్పినవారిలో ఇద్దరు ఇప్పుడు లేరు. వాళ్ళను మళ్ళీ అడగలేం.

అంచేత అద్దాన్ని నమ్ముకోవడం మాకిష్టం లేకపోయింది. ఒకే పెట్టెలో ఉన్న రెండు డిస్కులూ ఒకే నీళ్ళలో మునుగుతాయి. ఒక ఫైలు పొరపాటున చెరిపితే రెండింటిలోనూ చెరిగిపోతుంది. కాబట్టి జంటను విడదీసి, ఒకదాన్ని ఏరు దాటించి యాంగోన్‌లో ఉంచాలని సంఘం తీర్మానించింది. పని ఒక దుకాణానికి ఇచ్చారు. వాళ్ళు సెట్టింగులో రెయిడ్‌ను తీసి ఏహెచ్‌సీఐ పెట్టి, రెండు డిస్కులూ పెట్టెలోనే ఉంచి, వారంలో వచ్చి ఒకటి పట్టుకెళ్తామని చెప్పి వెళ్ళారు.

ఆ రాత్రే నీలి తెర. బూట్ డివైస్ అందడం లేదని ఫిర్యాదు. ఇది తేలిక జబ్బే. విండోస్‌కు పాత డ్రైవరే అలవాటు, కొత్తది లేపలేదు. సెట్టింగు వెనక్కి మార్చి, ఈసారి సేఫ్ మోడ్‌లో లేవమని చెప్పి, అప్పుడు ఏహెచ్‌సీఐ పెడితే కొత్త డ్రైవరును తనే ఎక్కించుకుంటుంది. ఎక్కించుకుంది.

అసలు జబ్బు తరవాత బయటపడింది. సోమవారం ఎక్కించిన పేర్లు మంగళవారం లేవు. గురువారం చూస్తే ఉన్నాయి! పైగా కొన్నిరోజులు మిషను మధ్యలో బిగుసుకుపోయి, మళ్ళీ నీలి తెర. ఒక పెద్దాయన వచ్చి, “ఏటి బాబూ, మా నాన్న ఊరు రాయించినాను గదా, ఏటైపోనాది?” అన్నారు. కరెంటు కోతల వల్లనే అని నలుగురూ తేల్చారు. ఈ ఊళ్ళో ఏది చెడినా కరెంటు మీదికే పోతుంది. సగం సార్లు నిజమే లెండి.

ఒక వార్డులో ఇద్దరు రోగులకు ఒకే పేరు, ఒకే కేసు కాగితం ఉంటే ఏమవుతుందో వైద్యులకు తెలుసు. జంట విడిపోయినా ఆ రెండు డిస్కుల గుర్తింపు సంఖ్య ఒకటే. విండోస్ ముందు దొరికిన దానితో లేచి, రెండోదాన్ని ఆఫ్‌లైన్‌లో పడేస్తుంది. ఏది ముందు దొరికిందో మనకు చెప్పదు. మొదటి తీగకున్న డిస్కు కొన్ని పొద్దుల్లో సమయానికి పలకడం లేదు. పలకని రోజున రెండోది లేస్తుంది. అందుకే పేర్ల దోబూచులు.

ఎందుకు పలకడం లేదు? స్మార్ట్ పరీక్ష చూశాం. చదవడానికి లొంగని సెక్టర్లు డజన్ల కొద్దీ తేలాయి. ఇది విడదీసినందుకు వచ్చింది కాదు, అంతకుముందు నుంచీ ఉన్నదే కాబోలు. జంటగా ఉన్నంతకాలం ఒకటి చదవలేనిది రెండోది చదివి ఇచ్చేది. రెండు మూత్రపిండాల్లో ఒకటి పాడైనా రక్తపరీక్ష చాలాకాలం బాగానే ఉండవచ్చు. ఇదీ అలాంటిదే. ఒంటరిగా నిలబెట్టాక దాచుకున్న జబ్బు పైకొచ్చింది.

చెక్‌డిస్క్ నడిపిద్దామని కుర్రవాళ్ళు తొందరపెట్టారు. వద్దన్నాం. కొనప్రాణంతో ఉన్న డిస్కును అంతసేపు గిలకకూడదు. ముందు దాని నకలు తీయాలి. దాన్ని విప్పి వేరే మిషనుకు తగిలించి, డీడీరెస్క్యూ అనే ప్రోగ్రాముతో కొత్త డిస్కు మీదికి దించాం. చదవగలిగింది ముందు తీసుకుని, మొండి చోట్లకు తరవాత వచ్చే పద్ధతి దానిది. జనరేటరు పెట్టి రెండు రాత్రులు కాచాం. ఆ నకలు గుర్తింపు సంఖ్య మార్చి, రెండు పట్టీలూ పక్కపక్కన పెట్టి పోల్చాం. ఒకదానిలోనే ఉన్న పేర్లు పదిహేడు తేలాయి. పద్నాలుగు దక్కాయి. మూడు ఫొటోలు సగం బూడిద రంగు. వాటి యజమానుల ఇళ్ళకు వెళ్ళి మళ్ళీ తీసుకున్నాం. మిగిలిన మూడు పేర్ల ఎదుట ఊరి గడి ఖాళీగా ఉంది. ఆ మూడు కుటుంబాలవారు మమ్మల్ని చూసి దలా మార్కెట్‌లో పలకరించి, ఇంట్లో పెద్దల్ని అడిగి చెబుతామన్నారు.

ఇప్పుడు మంచి డిస్కు ఒక్కటే దలాలో పని చేస్తోంది. నకలొకటి పడవెక్కి పన్సొడాన్ రేవు మీదుగా యాంగోన్‌లో ఒక మిత్రుని బీరువాలో చేరింది. నెలకోసారి కొత్త నకలు వెళ్తుంది, పాతది వెనక్కి వస్తుంది. కాగితం మీద అచ్చు తీసిన పట్టీ కూడా ఉంది, మిషన్లతో పని లేకుండా. ఆదివారం ఉదయం చూసుకోవచ్చు. పాత ఫొటోలు తెచ్చేవారు వెనక వైపు పేరూ, ఊరూ పెన్సిలుతో రాసి తేవలసిందిగా కోరుతున్నాం.