సిమెంటు ఒలిస్తే బయటపడిన గోల్కొండ

హైదరాబాదుకు చుట్టాలొస్తే అందరూ ముందు చార్మినార్‌కు తీసుకెళ్తారు. నన్నడిగితే గోల్కొండ కోటకు కూతవేటు దూరంలో, ఇబ్రహీంబాగ్‌లో ఉన్న కుతుబ్‌షాహీ సమాధుల దగ్గర మొదలుపెట్టమంటాను. వంద ఎకరాలు దాటిన ఆవరణ. ఒకే వంశం వాళ్లు తరం తర్వాత తరం ఇక్కడే గోరీలు, మసీదులు, మెట్లబావులు, చివరికి శవస్నానానికో హమాం కూడా కట్టుకుంటూ పోయారు. రామదాసు కథ పుణ్యమా అని మనందరికీ తెలిసిన తానాషాకు మాత్రం ఇక్కడ చోటు దక్కలేదు. ఔరంగజేబు చెరలో పోయి, దూరాన ఖుల్దాబాదులో మట్టిలో కలిశాడు.

తెలుగువాళ్లు కాస్త ఎక్కువసేపు నిలబడాల్సింది ఇబ్రహీం కుతుబ్‌షా గోరీ ముందు. మన కవులు మల్కిభరాముడని ముద్దుగా పిలుచుకున్నది ఈయన్నే. అద్దంకి గంగాధర కవి 'తపతీ సంవరణోపాఖ్యానం' అంకితమిచ్చిందీ ఈయనకే. ఆ గోడల మీద ఒకప్పుడు మెరిసిన రంగుపెంకుల ఆనవాళ్లు ఇప్పటికీ అక్కడక్కడా కనిపిస్తాయి.

2013లో రాష్ట్ర పురావస్తు శాఖతో కలిసి ఆగాఖాన్ సాంస్కృతిక ట్రస్టు ఇక్కడ పని మొదలుపెట్టింది. కొత్తగా కట్టడం కన్నా, మధ్యలో చేసిన మరమ్మతుల్ని తీసేయడమే పెద్ద పనైంది. ఇరవయ్యో శతాబ్దంలో ఎక్కడ పగులు కనిపిస్తే అక్కడ సిమెంటు పూశారు. మంచి ఉద్దేశంతోనే పూశారు, కానీ సున్నపు గోడకు అది పడదు. డంగు సున్నం గోడ వానాకాలంలో చెమ్మ పీల్చి, ఎండాకాలంలో వదిలేస్తుంది. పైన సిమెంటు పొర ఉంటే చెమ్మ బయటికి పోయే దారి లేక లోపలే మగ్గుతుంది, కొన్నేళ్లకు గచ్చు పెచ్చులు పెచ్చులుగా రాలుతుంది. అందుకని సిమెంటు ఒలిచి, మళ్లీ సున్నానికే వచ్చారు. సున్నానికి తొందర పనికిరాదు. నానాలి, నలగాలి, పూశాక కూడా తడి ఆరకుండా కాచుకోవాలి. టెండరు గడువుల లెక్కలో పెరిగిన కాంట్రాక్టర్లకు ఇది మింగుడుపడని సంగతే.

ఆవరణలోని బడీ బావ్లీ గోడ ఒకవైపు కూలిపోయి ఉండేది. పూడిక తీసి, రాయి మీద రాయి పేర్చి మళ్లీ నిలబెట్టారు. ఇప్పుడు అందులో వాననీరు నిలుస్తోంది, ఆ నీటితో తోటలు తడుస్తున్నాయి. గోల్కొండ మెట్లబావుల పనికి 2022లో యునెస్కో ఆసియా పసిఫిక్ పురస్కారం వచ్చింది. పురస్కారం సరే, బావికి పని దొరకడమే నాకు గొప్పగా అనిపించింది. అదే ఏడు డిసెంబరులో సికింద్రాబాదు బన్సీలాల్‌పేటలో, ఏళ్ల తరబడి చెత్తకుప్పగా మారిన పాత మెట్లబావీ జనానికి తెరుచుకుంది.

గోరీల్ని కాపాడటం ఒకరకంగా తేలిక, వాటిని ఖాళీ చేయమనేవాళ్లు ఉండరు. వ్యాపారం నడిచేచోట వ్యవహారం వేరు. 1935 నాటి మొజంజాహీ మార్కెట్టును దుకాణాలు ఉండగానే బాగుచేశారు. అడ్డొచ్చిన రేకులు, అతుకులు తీసేసరికి నల్లరాతి కమానులు బయటపడ్డాయి. సాయంత్రం అక్కడి ఐస్‌క్రీమ్ దుకాణాల ముందు కుర్చీ దొరకడం ఇప్పుడూ కష్టమే.

అసలు పరీక్ష మూసీ ఒడ్డున ఉంది. వాస్తుశిల్పి విన్సెంట్ ఎష్ గీసిన ఉస్మానియా ఆసుపత్రి పాత భవనంలోకి 2020 జులై వానలకు నీళ్లొచ్చాయి, రోగుల్ని తరలించి మూసేశారు. కొత్త ఆసుపత్రికి 2025 జనవరిలో గోషామహల్‌లో శంకుస్థాపన జరిగింది. ఇక ఈ గుమ్మటాల కింద ఏం నడపాలి? కూల్చాలా నిలపాలా అని ఏళ్లుగా కొట్టుకున్నవాళ్లు ఈ ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి తడుముకుంటున్నారు. మ్యూజియం అనేది చేతికందే జవాబు. నేనైతే కింది అంతస్తులో ఓపీ ఒకటైనా ఉంచమంటాను. రోజూ జనం తొక్కే గడప పాడైతే అడిగేవాళ్లుంటారు.