మైకు ముందు మన మాట

కోదాడ నుంచి మిర్యాలగూడ వైపు వెళ్తుంటే సిమెంటు లారీలు దారి పొడవునా ఎదురవుతాయి. మేళ్లచెర్వు, మఠంపల్లి ప్రాంతాల్లో సున్నపురాయి గనులు, సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి. మిర్యాలగూడ దాటితే దామరచర్ల మండలం వీర్లపాలెం దగ్గర నాలుగు వేల మెగావాట్ల యాదాద్రి థర్మల్ కేంద్రం. ఈ ప్రాంతమంతా మన తండాలున్నాయి. "సార్, వీటికి పర్మిషన్ ఎవరిస్తారు?" అని పిల్లలు అడుగుతుంటారు. ఒక్క ఆఫీసు పేరు చెప్పి ముగించగలిగే ప్రశ్న కాదది.

పెద్ద ప్రాజెక్టుకు పర్యావరణ అనుమతి ఢిల్లీలోని కేంద్ర శాఖ ఇస్తుంది. చిన్నదైతే రాష్ట్ర స్థాయి అథారిటీ ఇస్తుంది. అడవి భూమి కావాలంటే అటవీ శాఖ ఫైలు వేరు. పొగ, మురుగునీరు కాలుష్య నియంత్రణ మండలి చూస్తుంది. భూమి సంగతి రెవెన్యూది. మనకేమో బోరు నీళ్లు, చేను మీద దుమ్ము, మేకల మేత అన్నీ కలిసి ఒకటే బతుకు. ఆఫీసుల్లో అది నాలుగైదు ఫైళ్లుగా విడిపోతుంది. ఎక్కడికి వెళ్లినా "అది మా పరిధి కాదు" అంటారు. చాలాసార్లు ఆ మాట నిజమే.

ఈ ఫైళ్లలోని విషయాలన్నీ జనం ముందు ఒక్కచోట అడగగలిగే రోజు ఒకటుంది. అదే ప్రజాభిప్రాయ సేకరణ. 2006 సెప్టెంబరు 14 నాటి నోటిఫికేషన్ ప్రకారం దాన్ని కాలుష్య నియంత్రణ మండలి ఏర్పాటు చేయాలి. కలెక్టరు గానీ ఆయన తరఫున వచ్చే ఉన్నతాధికారి గానీ అధ్యక్షత వహించాలి. కనీసం 30 రోజుల ముందు పత్రికల్లో ప్రకటించాలి. నివేదిక సారాంశం తెలుగులో అందుబాటులో ఉంచాలి. సభ మొత్తం వీడియో తీయాలి. అక్కడ వచ్చిన అభ్యంతరాలకు కంపెనీ తుది నివేదికలో జవాబు చెప్పాలి. ఇంతమంది రావాలన్న నియమం మాత్రం లేదు. మనం వెళ్లకపోయినా సభ జరిగినట్టే రాసుకుంటారు.

ఏజెన్సీలో గ్రామసభకు పెసా చట్టం బలం ఉంది, భూమికి 1/70 చట్టం ఉంది. సూర్యాపేట, నల్లగొండ జిల్లాలు షెడ్యూల్డు ప్రాంతాలు కావు. ఆ రెండూ మనకు వర్తించవు. అటవీ హక్కుల చట్టం వర్తిస్తుంది గానీ అది అడవి భూమి వరకే. మన పట్టా చేను పక్కన గని వస్తుంటే అడగడానికి దొరికే పెద్ద అవకాశం ఈ సభే.

యాదాద్రి సంగతే చూడండి. 2015లో శంకుస్థాపన జరిగింది. 2017 జూన్‌లో పర్యావరణ అనుమతి వచ్చింది. 2022 సెప్టెంబరు 30న చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ బెంచి ఆ అనుమతిని నిలిపి, అదనపు అధ్యయనాలు చేయించాలని చెప్పింది. 2024 ఫిబ్రవరి 20న వీర్లపాలెంలో మళ్లీ ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. అప్పటికి ప్లాంటు చాలా వరకు లేచింది. కరెంటు అందరికీ కావాలి, భూమి పోయిన ఇంటికి ఉద్యోగమూ కావాలి. కానీ పునాది తీయకముందు అడిగే ప్రశ్నకున్న బలం, గోడలు లేచాక అడిగేదానికి ఉండదు.

ఇంకో అడ్డంకి భాష. ఒక ఫ్యాక్టరీ విస్తరణ సభలో ఒక ముసలమ్మ లంబాడీలో తన బోరు గురించి గట్టిగా అడిగింది. రాసుకునేవాళ్లకు ఏమీ అర్థం కాలేదు. డిగ్రీ చదివే కుర్రాడొకడు లేచి, "మా యాడి అడిగింది ఇదీ" అంటూ తెలుగులో చెప్పాడు. అప్పుడే వాళ్ల పెన్ను కదిలింది. ఆ కుర్రాడు లేకుంటే ఆమె ప్రశ్న కాగితం మీదకే వచ్చేది కాదు.

అందుకే తోటి ఉపాధ్యాయులకు నా మనవి. మీ మండలంలో ఇలాంటి ప్రకటన వస్తే సారాంశం కాపీ తెప్పించండి. పెద్ద తరగతుల పిల్లలతో చదివించండి. మన ఊరి పేరు అందులో ఉందా, చెరువు ఎంత దూరం అని రాశారు, బోర్లు లెక్కపెట్టారా అని వెతకమనండి. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పెద్దల మాటను తెలుగులో రాసి, సంతకాలు పెట్టించి సభలో ఇవ్వండి. అందినట్టు రసీదు తీసుకోండి. మైకు దగ్గర మీ పేరు, తండా పేరు చెప్పి మాట్లాడండి. చివర్లో సభా వివరాలు చదివి వినిపించేదాకా కదలకండి. మీరు చెప్పింది అందులో లేకపోతే అక్కడే అడిగి రాయించండి.