పచ్చ చదరం

కోనసీమ పచ్చదనం గురించి ఇప్పటిదాకా రాసినవాళ్ళు చాలు. నాకు మాత్రం ఏడాదిన్నరపాటు మా ఊరంటే, హైదరాబాద్‌లో నా లాప్‌టాప్ తెర మీద వేలిగోరంత పచ్చ చదరం. అది పచ్చగా ఉంటే రాజోలు దగ్గర మా ఇంట్లో నెట్ ఉన్నట్టు. నెట్ ఉంటే కరెంటు ఉన్నట్టు. కరెంటు ఉంటే నాన్నగారు బావున్నట్టు. మూడోది మొదటి రెండిట్లోంచి రాదని ఇంజినీరింగ్ చదివినవాడికి తెలియాలి మరి.

దీనికి మొదలు 2022 మే. జిల్లా పేరు మార్పు మీద అమలాపురంలో గొడవలయ్యాయి, మొబైల్ ఇంటర్నెట్ ఆపేశారు. నేనప్పుడు ఇంటినుంచే ఉద్యోగం చేస్తున్నాను. లాప్‌టాప్ సంచీ తగిలించుకుని, సిగ్నల్ కోసం జిల్లా దాటి యానాం దాకా వెళ్ళిన జనంలో నేనూ ఒకణ్ణి. తర్వాత ఆఫీసువాళ్ళు వెనక్కి రమ్మన్నారు. వెళ్ళేముందు ఇంటికి కేబుల్ నెట్ పెట్టించి, రూటర్ పక్కన అరచేతిలో పట్టే రాస్‌ప్‌బెరీ పై ఒకటి పెట్టాను. నాన్నగారు దాన్ని డబ్బా అంటారు.

డబ్బాలో నడిచేది స్మోక్‌పింగ్. మా ఇంటి కనెక్షన్‌కి సొంత పబ్లిక్ అడ్రసు లేదు, ఒకే అడ్రసు వెనక చాలా ఇళ్ళు సర్దుకుని కూర్చున్నాయి. కాబట్టి హైదరాబాద్ నుంచి ఇంటిని పలకరించడం కుదరదు, ఇంట్లోంచే బయటికి అడిగించాలి. అడిగేది మామూలు పింగే. 1983 డిసెంబర్‌లో మైక్ మూస్ రాసిన చిన్న ప్రోగ్రాం, సోనార్ చప్పుడు మీద పెట్టిన పేరు. ‘ఉన్నావా?’ అని పాకెట్ పంపి, ‘ఉన్నా’ అని తిరిగొచ్చేదాకా ఎన్ని మిల్లీసెకన్లు పట్టిందో లెక్కపెడుతుంది. స్మోక్‌పింగ్ ఆ పని ఐదు నిమిషాలకోసారి ఇరవైసార్లు చేసి గ్రాఫ్ గీస్తుంది. మధ్య విలువ ఒక గీత, మిగతావి దాని చుట్టూ పొగ. రాత్రి తొమ్మిదింటికి, ఊరంతా సినిమాలు చూసేవేళ, మా ఇంటి గీత మీద తడికట్టెల పొయ్యి రాజేసినట్టు పొగ లేచేది.

ఒక్క చోటికే పింగ్ చేస్తే ఏం లాభం లేదు. నేను మూడు పెట్టాను: ఇంట్లో రూటర్, ఆపరేటర్ వైపు మొదటి గేట్‌వే, గూగుల్‌వాళ్ళ 8.8.8.8. రూటర్ పలికి గేట్‌వే పలక్కపోతే వైరు తెగినట్టు. మా వైపు వైర్లు స్తంభాల మీంచి, కొబ్బరిచెట్ల కిందుగా వస్తాయి. మట్ట రాలితే అంతే సంగతులు. గ్రాఫే ఖాళీగా ఉంటే కరెంటు పోయినట్టు. అయితే ఇవన్నీ లైను తిరిగొచ్చాక చూసే పోస్ట్‌మార్టం. తెగినప్పుడు నాకేమీ కనబడదు. అందుకని డబ్బా ప్రతి ఐదు నిమిషాలకీ నా సర్వర్‌కి ఒక పలకరింపు పంపుతుంది. పదిహేను నిమిషాలు అది రాకపోతే చదరం ఎర్రగా మారుతుంది. (ఎమ్‌టీఆర్ వాడేవాళ్ళకి ఒక మాట: మధ్యలో ఏదో రూటర్ దగ్గర అరవై శాతం నష్టం కనబడగానే ఆపరేటర్ మీద పడకండి. కొన్ని రూటర్లు పింగులకి జవాబివ్వడానికి బద్ధకిస్తాయి. నష్టం చివరి గడి దాకా కొనసాగితేనే నష్టం.)

అదే ఏడు జూలైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. చదరం ఎర్రబడి అలాగే ఉండిపోయింది. ఎర్రగా ఉందని తప్ప అది నాకేం చెప్పలేదు. నేను ఆ రెండ్రోజులూ చూసింది ధవళేశ్వరం రీడింగునే. అక్కడ 11.75 అడుగులకి మొదటి హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. లంకలో ఉన్న మా చుట్టాలకి ఈ అంకెలు ఫోన్ నంబర్లలా నోటికొచ్చు. ఒకటోదానికి గొడ్లని గట్టు మీదికి తోలాలి, రెండోదానికి బియ్యం, కాగితాలు అటకెక్కాలి, మూడోదానికి మనుషులు కదలాలి. మా ఆఫీసులో అలర్టులన్నీ ‘క్రిటికల్’ అనే వస్తాయి. అవి నేరుగా ఒక ఫోల్డర్లోకి పోయేలా ఫిల్టర్ పెట్టుకున్నాను. అందరూ అదే చేశారు. ఆ వరదలో చివరికి పక్కింటి పిన్నే ఫోన్ చేసింది: “నాన్నగారు మా మేడ మీదే ఉన్నారు బాబూ, కంగారు పడకు.”

2023 కార్తీకంలో ఒక తెల్లవారుజామున నాన్నగారు నూతి పళ్ళెం మీద జారిపడ్డారు. మణికట్టు విరిగింది. లేవలేక రెండు గంటలు అక్కడే ఉన్నారు. పిన్ని పువ్వుల కోసం వచ్చి చూసింది. సరిగ్గా ఆ టైములో నేను మెట్రోలో కూర్చుని ఫోన్‌లో చదరం చూసుకున్నాను. తర్వాత ఆ ఉదయం గ్రాఫ్ తీశాను. ఆ నెలంతటిలోకీ అదే చక్కని గ్రాఫ్. పొగ సన్నగా, నష్టం సున్నా.

కట్టు కట్టించి ఇంటికి తీసుకొచ్చాక, ఆయన ఫోన్ వైఫైలో ఉందో లేదో కూడా డబ్బాతో చూయిస్తానన్నాను. ఇల్లు దాటితే నాకు తెలిసిపోతుంది, కెమెరాలాంటిది కాదు అని చెప్పాను.

“నన్ను కూడా అందులో పెడతావేంట్రా?” అన్నారు. కోపంగా కాదు. కొంచెం సేపు ఆగి ఆయనే చెప్పారు. “పొద్దున్న ఏడింటికి ఫోన్ చెయ్యి. ఎత్తకపోతే పావుగంటాగి మళ్ళీ చెయ్యి. అప్పుడూ ఎత్తకపోతే పిన్నికి చెయ్యి. ఆవిడా ఎత్తకపోతే కేబుల్ కుర్రాడికి చెప్పు, బండేసుకుని వస్తాడు.”

ఒకటో హెచ్చరిక, రెండో హెచ్చరిక, మూడో హెచ్చరిక. ఆయన అలా అనుకుని చెప్పలేదు, నాకలా వినబడింది.

పోయిన నెల ఒకరోజు రెండోదాకా వెళ్ళాల్సొచ్చింది. ఆ పావుగంటలో నేను బ్రష్ నోట్లో పెట్టుకుని గది చుట్టూ తిరిగాను. పిన్ని వెళ్ళి చూస్తే ఆయన దింపుకూలీలతో కొబ్బరితోటలో ఉన్నారు. ఫోన్ ఇంట్లో, డబ్బా పక్కన, ఛార్జింగ్‌లో ఉంది. “ఏడింటికి చెయ్యమన్నానని గుర్తే లేదురా” అన్నారు నవ్వుతూ. నేను కాస్త గట్టిగానే మాట్లాడాను. మధ్యాహ్నం మళ్ళీ నేనే ఫోన్ చేశాను.