తొడ వెనక కండ

ఆశ్రమ పాఠశాలలో ఉన్న రోజుల్లో మాకు పరుగు ఎవరూ ప్రత్యేకంగా నేర్పలేదు. ఊరి నుంచి సంతకు కొండ దిగడం, మోపుతో తిరిగి ఎక్కడం, అదే మా సాధన. అందుకే జిల్లా పోటీల్లో బూట్లు వేసుకున్న పిల్లల్ని చూసినా బెదరలేదు. మా రిలేలో చివరి అంచె పరుగెత్తేవాడు అందరికన్నా చురుకు. సగం దూరంలో తొడ వెనక చెయ్యి వేసుకుని కూలబడ్డాడు. ఎవరో వెనక నుంచి రాయి విసిరారనుకున్నాడట.

'నరం పట్టింది' అన్నాం. ఆ రాత్రే వేడి నూనె పోసి గట్టిగా తోమాం. కాలు పట్టుకుని లాగాం. పది రోజులకు నడిచాడు. మూడో వారంలో ఇంకో పోటీ ఉంటే, 'కొండోళ్లకు నొప్పేంట్రా' అని మేమే వాణ్ణి దింపాం. అదే చోట మళ్లీ తెగింది, ఈసారి ఇంకా ఎక్కువగా. ఆ ఏడాది స్పోర్ట్స్ స్కూలు సెలక్షన్ పోయింది. ఇప్పుడు ఆ మాట వస్తే వాడు నవ్వుతాడు. మేమే నవ్వలేం.

అది నరం కాదని తర్వాత తెలుసుకున్నాం. తొడ వెనక మూడు కండరాలున్నాయి, వాటినే హ్యామ్‌స్ట్రింగ్ అంటారు. వేగంగా పరుగెత్తేటప్పుడు కాలు ముందుకు చాచి, పాదం నేలను తాకబోయే క్షణంలో అవి సాగుతూనే కాలిని ఆపాలి. తెగేది ఎక్కువగా అప్పుడే. కొండ ఎక్కేటప్పుడు కాలు అంత బారుగా, అంత వేగంగా చాచం. కొండ మాకు దమ్మిచ్చింది కానీ ఆ పని నేర్పలేదు.

1992 బార్సిలోనా ఒలింపిక్స్ 400 మీటర్ల సెమీఫైనల్లో బ్రిటన్ పరుగువీరుడు డెరెక్ రెడ్మండ్‌కు ఇదే కండ తెగింది. తండ్రి ప్రేక్షకుల్లోంచి వచ్చి భుజం ఇస్తే కుంటుతూ గీత దాటాడు. సార్లు ఆ వీడియో చూపించి పట్టుదల గురించి చెబుతారు. ఆయన మళ్లీ ఒలింపిక్స్‌లో పరుగెత్తలేదని మాత్రం చెప్పరు.

మొదటి రెండు మూడు రోజులు తోమకూడదు, లాగకూడదు, వేడి పెట్టకూడదు. లోపల రక్తం కారుతుంటుంది. చల్లటి గుడ్డ, మెత్తని కట్టు, కాలు ఎత్తుగా పెట్టుకోవడం చాలు. 'టప్' మని చప్పుడైనా, తొడ నల్లగా కమిలినా, అడుగు వెయ్యలేకపోయినా డాక్టరు చూడాల్సిందే. ఆ తర్వాత మంచానికే అతుక్కుపోకూడదు. నొప్పి రానంతమేర నడక, మెల్లగా బలం, ఆ తర్వాతే పరుగు. నడిచినప్పుడు నొప్పి లేదంటే మానిందని కాదు. రెండు కాళ్ల బలం సమానమై, పూర్తి వేగం అందుకున్నా బాధ లేనప్పుడే పోటీ. ఒకసారి తెగిన తొడకే మళ్లీ తెగే ప్రమాదం ఎక్కువ.

దెబ్బ తగలకముందే చేయించాల్సిన కసరత్తు ఒకటుంది. మోకాళ్ల మీద నిలబడాలి, వెనక ఒకరు చీలమండలు నొక్కి పట్టుకోవాలి, నడుము వంచకుండా వీలైనంత మెల్లగా ముందుకు వాలాలి. పైసా ఖర్చు లేదు, మోకాళ్ల కింద పాత గోనెసంచి చాలు. సెలవులకు వెళ్లినప్పుడు మా ఊరి పిల్లలతో చేయించాం. చెట్టెక్కే మొనగాళ్లంతా మొదటిరోజు దబ్బున బోర్లా పడ్డారు. చీలమండలు పట్టుకుంది మా రిలే చివరి అంచెవాడే.