కళ్లాపి చల్లిన పార్కింగ్

ఊళ్లలో ఖాళీగా పడి ఉన్న స్థలాలకు ప్లాన్లు గీయడం నా పని. ఇన్నేళ్లలో నాకు బాగా బుద్ధి చెప్పింది మాత్రం ఓ రైతుబజారు వెనకున్న పార్కింగ్.

40 కార్లు పట్టే చోటు. కారు ఆగడానికి రెండున్నర మీటర్ల వెడల్పు, 5 మీటర్ల పొడవు చాలు. తిప్పుకునే దారి కూడా కలుపుకుంటే మా లెక్కలో కారుకి 23 చదరపు మీటర్లు. అంటే ఆ ఆవరణ 900 పైమాటే. పొద్దున పదింటి దాకా కాలు పెట్టే సందుండదు. ఆ తర్వాత సంగతేమిటో వారం రోజులు గంటగంటకూ లెక్కపెట్టాను. సాయంత్రం ఐదుకి 3 కార్లు. అందులో ఒకటి గాలి పోయి నెలల తరబడి కదలనిది.

జనం కూర్చోవడానికి స్థలం ఇమ్మంటే ఆఫీసులో ఎవరూ వినరు. సాయంత్రం నాలుగు గంటలు ఇమ్మన్నాను. వేలంలో పార్కింగ్ పాడుకున్న కాంట్రాక్టరు మాత్రం, "మరి నా వసూలో సార్?" అన్నాడు. ఇద్దరం కూర్చుని లెక్క కట్టాం. ఆ నాలుగు గంటల వసూలు అతని టీ ఖర్చుకి కూడా చాలదు. నవ్వేసి ఊరుకున్నాడు.

న్యూయార్క్‌లో, బ్రూక్లిన్ డంబో ప్రాంతంలో కార్లు నిలిపే ఓ ముక్కోణపు స్థలానికి 2007లో ఆకుపచ్చ రంగు వేసి, కుండీలూ కుర్చీలూ పెట్టి కూడలిగా మార్చారు. అంత రంగు కొనే డబ్బు నా దగ్గరేది? ముగ్గుపిండి తెచ్చి హద్దులు గీయడం మొదలుపెట్టాను. పక్క అపార్ట్‌మెంటు పెద్దావిడ చూసి, "ఇదేం గీత నాయనా, పాము పాకినట్టుంది" అంటూ గిన్నె లాక్కుంది.

అసలు తప్పు మొదటిరోజే చేశాను. మార్చి నెల. ఐదింటికే కుర్చీలు వేయించాను. పగలంతా కాలిన తారునేల సెగలు కక్కుతోంది. ఒక్కరు కూర్చుంటే ఒట్టు. వాచ్‌మన్ భార్య అటుగా వెళ్తూ, "నీళ్లు చల్లకుండా కూర్చోమంటే ఎవరు కూర్చుంటారండీ" అంది. బోరు గొట్టం లాగి ఆవిడే కళ్లాపి చల్లినట్టు చల్లింది. ముందు ఆవిరి కొట్టింది. అరగంటకి చెప్పుల్లేని పిల్లలు దిగారు. కారు గీతల మధ్య సుద్దముక్కతో తొక్కుడుబిళ్ల గళ్లు పడ్డాయి.

కుర్చీలు నేను రోడ్డువైపు తిప్పి వరసగా పెట్టాను. పది నిమిషాల్లో వరస మాయం. పడమటి గోడ నీడలోకి లాక్కున్నారు. లైట్లు వెలిగాక, పురుగులు రాలుతున్నాయని మళ్లీ ఇవతలికి. జనం కూర్చునే ముందు కుర్చీని కాస్త జరుపుకుంటారని విలియం హెచ్. వైట్ 1980లో తన పుస్తకంలో రాశాడు. చదివి తలూపినవాణ్నే. అయినా ప్రతి ప్లానులోనూ సిమెంటు బెంచీలు గీస్తూనే వచ్చాను. ఈసారి కొట్టేశాను.

ఒక్కటి కుదరలేదు. బజారు మరుగుదొడ్డికి మధ్యాహ్నమే తాళం పడుతుంది. తాళంచెవి ఎవరి దగ్గరుండాలో తేలక ఫైలు రెండు బల్లల మధ్య తిరుగుతోంది. మగవాళ్లు తొమ్మిది దాకా కబుర్లాడుతుంటే, ఆడవాళ్లు ఏడున్నరకే లేచిపోతారు. మొన్న పెద్దావిడ పిండిగిన్నె నా చేతికిస్తూ అడిగింది: "గీత తిన్నగా వస్తోందిలే నాయనా, ఆ తాళం ఎప్పుడు తీయిస్తావు?"