మావయ్యా, లాప్‌టాప్ తెస్తావా?

ఇండియాకి టికెట్లు కొన్నామన్న సంగతి ఇంట్లో చెప్పిన రోజు రాత్రే చిన్ని ఫోన్ చేసింది. చిన్ని మా అక్క కూతురు. కాకినాడలో మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతోంది, అప్పుడే రెండో సంవత్సరంలోకి వచ్చింది. "మావయ్యా, అమెరికా నుంచి నాకు లాప్‌టాప్ తెస్తావా? నాన్న 70 వేలు పక్కన పెట్టాడు" అంది. అది 2024 జూలై.

నేనుండేది డాలస్ పక్కన ఇర్వింగ్‌లో. లాప్‌టాప్‌లు అమ్మే పెద్ద దుకాణం మా ఇంటికి పావుగంట దూరం. అయినా వెంటనే సరే అనలేకపోయాను. మా నాన్న లాప్‌టాప్ గుర్తొచ్చింది.

నాన్న తెలుగు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రావులపాలెంలో ఉంటారు. తన చిన్ననాటి సంగతులు రాసి పెట్టాలని ఆయన కోరిక. 2019 డిసెంబరులో వెళ్లినప్పుడు ఇక్కడి నుంచి పల్చటి, తేలికైన లాప్‌టాప్ ఒకటి కొని తీసుకెళ్లాను. కీల మీద తెలుగు అక్షరాల స్టిక్కర్లు నేనే అతికించాను. ఇన్‌స్క్రిప్ట్ పద్ధతిలో ఎడమచేతి వైపు అచ్చులూ గుణింతపు గుర్తులూ, కుడిచేతి వైపు హల్లులూ ఉంటాయి. ఒత్తులు ఎలా వస్తాయో పట్టుబడడానికి నాన్నకి రెండు వారాలు పట్టింది. ఆ తరవాత రోజుకి ఒక పేజీ చొప్పున రాస్తూ పోయారు.

ఎనిమిది నెలలు తిరిగేసరికి మదర్‌బోర్డు పోయింది. రాజమండ్రి సర్వీసు సెంటరుకి పంపిస్తే, ఈ మోడల్‌కి వారంటీ కొన్న దేశంలోనే చెల్లుతుందన్నారు. కొత్త బోర్డు వేయించాలంటే లాప్‌టాప్ ధరలో సగం పైనే అవుతుంది. అవి కోవిడ్ రోజులు. నేను వెళ్లే దారీ లేదు, దాన్ని ఇక్కడికి రప్పించుకునే దారీ లేదు. ఊళ్లో రిపేరు చేసే అబ్బాయి, ఫైళ్లుండే ఎస్‌ఎస్‌డిని విప్పి, యూఎస్‌బీ డబ్బాలో బిగించి నాన్న చేతికిచ్చాడు. నాన్న దాన్ని బీరువాలో పెట్టారు. మళ్లీ కాగితం మీదే రాయడం మొదలుపెట్టారు. నన్ను ఒక్క మాట అనలేదు. అదే నన్ను ఎక్కువ బాధపెట్టింది. ఆ లాప్‌టాప్ కొనేటప్పుడు బరువు చూశాను, అందం చూశాను, రాయితీ చూశాను. రావులపాలెంలో అది పాడైతే బాగుచేసేది ఎవరన్నది ఆలోచించలేదు.

అందుకని చిన్నితో ముందు లెక్కలు మాట్లాడాను. ఇక్కడ దుకాణంలో కనిపించే ధరలో అమ్మకపు పన్ను కలిసి ఉండదు. మా ఊళ్లో అది 8.25 శాతం, అంటే 800 డాలర్ల లాప్‌టాప్‌కి ఇంకో 66 డాలర్లు. ఇండియాలో ఎమ్మార్పీలో 18 శాతం జీఎస్టీ కలిసే ఉంటుంది. కాలేజీలు తెరిచే రోజుల్లో అక్కడా విద్యార్థులకి రాయితీలు ఇస్తారు. పైగా కస్టమ్స్‌లో 18 ఏళ్లు దాటిన ప్రయాణికుడికి ఒక్క లాప్‌టాప్‌కే సుంకం మినహాయింపు. నా ఆఫీసు లాప్‌టాప్ ఎలాగూ నా సంచిలో ఉంటుంది. ఇవన్నీ కూడితే మిగిలేది కొద్దిపాటి డబ్బు. దాని కోసం వారంటీ వదులుకోవడం నాకు ఇష్టం లేదు. "అక్కడే కొందాం. ఏది కొనాలో ఇద్దరం కలిసి చూద్దాం" అన్నాను. కాస్త చిన్నబుచ్చుకుంది. అమెరికా నుంచి వచ్చిన వస్తువంటే ఆ వయసులో ఉండే మోజు నాకు తెలియనిది కాదు.

ఆమె మనసు మ్యాక్‌బుక్ ఎయిర్ మీద ఉంది. మంచి యంత్రమే. ఫ్యాన్ ఉండదు, చప్పుడు ఉండదు, ఛార్జింగ్ రోజంతా వస్తుంది. కానీ అప్పట్లో 70 వేలకి దొరికింది 2020 నాటి ఎం1 చిప్‌ది, ర్యామ్ 8 జీబీ. ఆ ర్యామ్ తరవాత పెంచుకునే వీల్లేదు. "మీ సీనియర్లని అడుగు, మూడో ఏడాదిలో ఏ సాఫ్ట్‌వేర్లు వాడతారో" అన్నాను. మర్నాడు చెప్పింది: సాలిడ్‌వర్క్స్, క్యాటియా, యాన్సిస్. సాలిడ్‌వర్క్స్, క్యాటియా విండోస్ మీదే నడుస్తాయి. దాంతో మ్యాక్ సంగతి తేలిపోయింది. అదే చిన్ని బీకామో, జర్నలిజమో చదువుతుంటే ఆ మ్యాక్‌బుక్కే కొనమనేవాణ్ణి.

తరవాత "ఐ7 ఉండాలంట కదా మావయ్యా" అంది. ఈ ఒక్క అంకె దగ్గర మనవాళ్లు బోలెడు డబ్బు పోగొట్టుకుంటున్నారు. ఐ5, ఐ7 పక్కన ఉండే అంకెలూ, చివర ఉండే అక్షరమూ చూడాలి. మొదటి రెండంకెలు ఏ తరం చిప్పో చెబుతాయి. చివర యూ ఉంటే తక్కువ కరెంటుతో నడిచేది, పల్చటి లాప్‌టాప్‌లకి పెట్టేది. హెచ్ ఉంటే ఎక్కువ కరెంటు తీసుకుని బరువైన పని చేసేది. ఎడతెగకుండా గంటసేపు లెక్కలు కట్టాల్సి వస్తే ఐ5-13420హెచ్, ఐ7-1355యూ కంటే ముందుంటుంది. డబ్బా మీద మాత్రం ఐ7 అని పెద్దక్షరాల్లో కనిపిస్తుంది.

అలాగని పవర్ ఉన్నదల్లా కొనేస్తే అయిపోదు. వాళ్ల సీనియర్ దగ్గర గేమింగ్ లాప్‌టాప్ ఉంది. చిన్ని దాన్ని ఛార్జరుతో సహా హాస్టల్ ఎదురుగా ఉన్న కిరాణా కొట్టుకి తీసుకెళ్లి తూకం వేయించింది. 2 కిలోల 900 గ్రాములు! వీళ్ల క్లాసులు మూడో అంతస్తులో. పుస్తకాలూ, నీళ్ల సీసా, క్యారియరూ దీనికి అదనం. క్లాసులో ప్లగ్గులు గోడవారన ఉన్న బెంచీలకే అందుతాయి. హాస్టల్ గదిలో నలుగురికి రెండు ప్లగ్గులు. ఇవన్నీ తనే చూసి వచ్చి చెప్పింది. టెక్సాస్‌లో కూర్చుని నేను ఎన్ని సమీక్షలు చదివినా ఆ తూకం సంగతి తెలిసేది కాదు.

చివరికి ఇద్దరం కలిసి తేల్చింది ఇది: 13వ తరం హెచ్ చిప్పు, మామూలు రకం విడి గ్రాఫిక్స్ కార్డు, 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డి. ఇంకో ఎస్‌ఎస్‌డి పెట్టుకోవడానికి లోపల ఖాళీ ఉండాలి. ఛార్జరుతో కలిపి బరువు రెండుంపావు కిలోలు దాటకూడదు. సర్వీసు వాళ్లు కాకినాడకే వచ్చి చూడాలి. డబ్బు చాలకపోతే గ్రాఫిక్స్ కార్డు తగ్గించుకోవచ్చు గానీ ర్యామ్ దగ్గర తగ్గొద్దన్నాను. షాపులో దాన్ని తెరిచి స్క్రీన్‌ని పక్కనుంచి చూడమన్నాను, రంగులు మారిపోతే వద్దనమన్నాను. ప్రతి కీ నొక్కి చూడమన్నాను. మూత ఒకటికి పదిసార్లు తెరిచి మూసి చూడమన్నాను, ఎందుకంటే హింజ్ విరిగి మూలన పడ్డ లాప్‌టాప్‌లు చాలా చూశాను. బావ పక్కనుండగా అన్నీ చూసుకుని కొంది. బిల్లు ఫొటో తీసి పంపించింది. 68,500 రూపాయలు.

ఆగస్టులో నేను వెళ్లేసరికి చిన్ని సెలవులకి రావులపాలెం వచ్చి ఉంది. ఒక సాయంత్రం నాన్న బీరువా తెరిచి ఆ యూఎస్‌బీ డబ్బా తెచ్చారు. "ఇందులో ఏమన్నా మిగిలిందేమో చూడమ్మా" అన్నారు. చిన్ని వైరు తగిలించింది. విండోస్‌లో తెలుగు భాషని చేర్చుకోగానే గౌతమి ఫాంటు దానంతట అదే దిగింది. ఫైలు తెరిచింది. నాలుగేళ్ల కిందట ఆగిపోయిన వాక్యం ఎక్కడిదక్కడే ఉంది: రేవులో పడవ కోసం నాన్న వాళ్లమ్మతో కలిసి ఎదురుచూసిన రోజు. నాన్న కళ్లజోడు సవరించుకుని దగ్గరికి జరిగారు. చిన్ని లాప్‌టాప్‌ని ఆయన వైపు తిప్పింది. "తాతయ్యా, అక్షరాల స్టిక్కర్లు కొనుక్కొచ్చాను, అతికించనా?" అంది.